దాయవిభాగము: మితాక్షర మొదలు నేటి మరణశాసనము వరకు

రాయచూరు జిల్లా దేవదుర్గ తాలూకాలోని గబ్బూరు ప్రాచీన దేవాలయములకును, శాసనములకును పేరెన్నిక గన్న గ్రామము. భూదానము చేసిన దాత ఎల్లలు ఇవి, అనుభవించువారు వీరు అని రాతిపై చెక్కించుట చాళుక్యుల నాటి శాసనములలో తరచు కానవచ్చు సంప్రదాయము. తన మాట తన తరువాతను నిలువవలెనని ఆ దాత కోరెను. నేటి గృహస్థుడో, నాలుగెకరముల చేనును, ఒక ఇంటిని, కొంత బంగారమును విడిచి, కాగితముపై ఒక్క పంక్తియైనను వ్రాయక కన్నుమూయుచున్నాడు. పిమ్మట అన్నదమ్ములు కచేరీల చుట్టు తిరుగుదురు; ఆడపడుచులు పుట్టింటి గడప తొక్కుట మానుదురు. ఈ దుస్థితికి మూలమేమో, నివారణమేమో విచారించుట ఈ వ్యాసోద్దేశము.

హిందువుల దాయవిభాగమునకు దేశమున అధిక భాగమున ఆధారమైన మితాక్షర మన ప్రాంతమునకు చేరువనే పుట్టినది. కల్యాణ నగరమున, చాళుక్య ఆరవ విక్రమాదిత్యుని కాలమున (1076–1126), విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి ఈ వ్యాఖ్యను రచించెను. ఆ కల్యాణమే నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణము. పదుమూడవ శతాబ్దిలో తిక్కన శిష్యకోటిలోని కేతన దీనిని విజ్ఞానేశ్వరీయము అను పేర తెనిగించెను. ధర్మశాస్త్రము సంస్కృతజ్ఞులకే పరిమితము కారాదని మన పూర్వులు నాడే గుర్తించిరనుటకు ఇదియే నిదర్శనము.

మితాక్షర మతమున పితృపితామహుల ఆస్తిపై కుమారునకు పుట్టుకతోనే హక్కు కలుగును. వంగదేశమున ప్రసిద్ధమైన జీమూతవాహనుని దాయభాగము ప్రకారము తండ్రి మరణించిన పిమ్మటనే ఆ హక్కు సంక్రమించును. ఈ జన్మహక్కు చిరకాలము మగవారికే చెల్లినది.

1956వ సంవత్సరము మనకు రెండు విధముల స్మరణీయము. ఆ జూన్ 17న హిందూ వారసత్వ చట్టము అమలునకు వచ్చెను. నవంబరు 1న రాయచూరు హైదరాబాదు రాష్ట్రమునుండి మైసూరు రాష్ట్రమున చేరెను. ఆ చట్టము ప్రకారము పురుషుడు వీలునామా లేక మరణించినచో అతని స్వార్జితము కుమారులకు, కుమార్తెలకు, భార్యకు, తల్లికి సమముగా చెందును. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు జన్మహక్కు మాత్రము నాడు లభింపలేదు. ఆంధ్రప్రదేశమున 1985 సెప్టెంబరు 5 నుండియు, కర్ణాటకమున 1994 జులై 30 నుండియు, అప్పటికి వివాహము కాని కుమార్తెలకు అది లభించెను. 2005 సెప్టెంబరు 9న కేంద్ర చట్టసవరణ వివాహితలకును దానిని విస్తరించెను. ఆ తేదీనాటికి తండ్రి జీవించి యుండనక్కరలేదని సర్వోన్నత న్యాయస్థానము 2020 ఆగస్టు 11న వినీతా శర్మ వ్యాజ్యమున తీర్మానించెను. అయితే 2004 డిసెంబరు 20కి ముందే సక్రమముగా జరిగిన విభాగములు చెదరవు. ముస్లిములకు, క్రైస్తవులకు ఈ చట్టము వర్తింపదు. షెడ్యూల్డు తెగలకు కేంద్రప్రభుత్వ ప్రకటన లేనిదే వర్తింపదు.

కనుక "కట్నమిచ్చి పంపితిమి, ఇక భాగమేమి?" అను మాట నేడు చెల్లదు. సోదరి తన భాగమును వదలుకొనదలచిన, అది ఆమె మనఃపూర్వకముగా చేయవలసిన పని. స్థిరాస్తి విషయమున ఆ హక్కువిడుదల పత్రము రిజిస్టరు కావలెను. పండుగకు వచ్చిన ఆడపడుచుచేత చదివి వినిపింపకయే సంతకము చేయించుట ధర్మమును కాదు, క్షేమమును కాదు.

ఇక వీలునామా. దీనికి స్టాంపు కాగితము అక్కరలేదు. రిజిస్ట్రేషను ఐచ్ఛికము, అయినను మేలు. వ్రాసినవాడు సంతకము గాని వేలిముద్ర గాని వేయవలెను. ఇద్దరు సాక్షులు దానిని చూచి గాని, వేసితినని అతడు చెప్పగా విని గాని, అతని యెదుట సంతకము చేయవలెను. సాక్షులు వ్రాసినవానికంటె పిన్నవయస్కులగుట, లాభము పొందువారు కాకుండుట వివేకము. స్వార్జితమునే గాక ఉమ్మడి ఆస్తిలో తన భాగమును సైతము హిందువు వీలునామాచే ఇయ్యవచ్చును; ఇతరుల భాగమును ఇయ్యజాలడు. ముస్లిము గృహస్థుడు సామాన్యముగా మూడవవంతునకు మించి వారసుల సమ్మతి లేక వ్రాయరాదు. బ్యాంకులో నామినీగా పేరున్నంత మాత్రమున ఆ సొమ్మునకు యజమాని కాడు. దానిని పుచ్చుకొని వారసులకు అప్పగింపవలసినవాడు మాత్రమే.

మనవంటి సరిహద్దు ప్రాంతములలో భాషయు ఒక చిక్కే. ఇంటిలో తెలుగు, నేటి కచేరీ పత్రములలో కన్నడము, నిజాము కాలపు రికార్డులలో ఉర్దూ. తాతకు తెలిసిన భాష ఒకటి, అతడు వేలిముద్ర వేసిన భాష మరియొకటి! నేను తెలుగు బోధించువాడనగుటచే పలువురు పెద్దలు తమ పత్రములను నాయొద్దకు తెత్తురు. వారికి నేను చెప్పునది ఇది: వీలునామా ఫలానా భాషలోనే యుండవలెనని నిర్బంధము లేదు, తెలుగున వ్రాయవచ్చును. రిజిస్ట్రారునకు తెలియని, జిల్లాలో సామాన్యముగా వాడుకలో లేని భాషయైనచో మాత్రము అనువాదము జతపరుపవలెను. కన్నడమున వ్రాయించినచో, తెలుగున చదివి వినిపింపగా గ్రహించితినని అందు వ్రాయించుట మంచిది.

మరణానంతరము వారసుల పేర్లు పహాణీలో ఎక్కించుకొనుట మరువరాదు. చనిపోయిన తాత పేరే పహాణీలో నిలిచియుండగా మనుమడు పంటఋణమునకు తిరిగి తిరిగి వేసారుటను నేను చూచితిని. పేరెక్కుట హక్కునకు పుట్టుక కాదు; కాని అది లేనిచో ఉన్న హక్కు అక్కరకు రాదు.

గృహస్థుడు జీవించియుండగనే భార్యను, కుమారులను, కుమార్తెలను కూర్చుండబెట్టి, ఆస్తిని, అప్పును, పత్రములున్న చోటును చెప్పవలెను. పంపకమును గూర్చి మాటాడుట అమంగళమని కొందరు తలతురు. తోబుట్టువులు న్యాయస్థానమున ఎదురెదురుగా నిలుచుటకంటె అమంగళము వేరొకటి లేదు.