లేపితేనే పలికే సౌండ్ కార్డు

1990ల మొదట్లో పీసీలో సౌండ్ కార్డు బిగించడం ఒక ఎత్తు, దాన్ని పలికించడం ఇంకో ఎత్తు. కార్డు మీది జంపర్లు పీకి, మార్చి పెట్టి పోర్టు అడ్రసు, ఇంటరప్ట్ నంబరు (ఐఆర్‌క్యూ), డీఎంఏ చానెల్ మనమే కేటాయించాలి. సౌండ్ బ్లాస్టర్‌కు మామూలుగా 220, 5, 1. ఆ 5నే నెట్‌వర్క్ కార్డు కూడా పట్టుకుందా, రెండూ మొరాయించేవి.

తప్పు కార్డులది కాదు. 1984 నాటి ఐబీఎం పీసీ ఏటీతో స్థిరపడ్డ 16 బిట్ల ఐసా బస్‌లో కార్డులన్నీ ఒకే తీగల మీద ఉంటాయి. ఏ స్లాట్‌లో ఏముందో ప్రాసెసర్‌కు తెలిసే దారి లేదు. పుదుచ్చేరి వైట్ టౌన్‌లోని డ్యూమా వీధిలో ఏ ఇంటికీ నంబరు లేదనుకోండి. పోస్ట్‌మాన్ కేకేస్తే వీధంతా ఒక్కసారే పలుకుతుంది.

ఈ చిక్కు విప్పడానికి 1993లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి ఐసా ప్లగ్ అండ్ ప్లే నిబంధనలు ప్రకటించాయి. వాటి ప్రకారం తయారైన కార్డు కరెంటు రాగానే పనిలోకి దిగదు, పిలుపు కోసం కాచుకుంటుంది. కంప్యూటర్ 279 పోర్టుకు 32 బైట్ల తాళంచెవి లాంటి వరుసను రాస్తే మేల్కొంటుంది. 279 ఎందుకంటే అది ప్రింటర్ స్థితిని చదువుకునే పోర్టు. అక్కడ ఏం రాసినా ఎవరికీ నష్టం లేదు. రెండో పోర్టు ఎ79 (ఈ నంబర్లు హెక్సాడెసిమల్‌లో ఉన్నవి). అడ్రసులో కింది 10 బిట్లే చూసే పాత కార్డులకు ఇదీ 279 లాగే కనిపిస్తుంది. పాతవాటిని కదపకుండా కొత్తవాటితో మాట్లాడే ఉపాయమిది.

తర్వాతది అసలు పోటీ. ప్రతి కార్డుకూ 64 బిట్ల గుర్తింపు, సరిచూసుకోవడానికి మరో 8 బిట్లు ఉంటాయి. కంప్యూటర్ ఒక్కో బిట్ అడుగుతుంది. తన బిట్ 1 అయిన కార్డు బస్ మీద ముందు 55, తర్వాత ఎఎ పెడుతుంది. 0 ఉన్నది ఊరుకుని వింటుంది; ఇంకెవరో పలికినట్టు తెలిస్తే ఆ రౌండు నుంచి తప్పుకుంటుంది. 72 బిట్లూ అయ్యేసరికి మిగిలేది ఒక్కటే. దానికి 1 నంబరు ఇచ్చి పక్కన పెట్టి, మిగతావాటితో మళ్లీ మొదలు.

విండోస్ 95 ఈ పనంతా తెర వెనక చేసేది. లినక్స్ వాడేవాళ్లు మాత్రం పీటర్ ఫాక్స్ రాసిన ఐసాపీఎన్‌పీ టూల్స్‌ను ఆశ్రయించారు. అందులో పీఎన్‌పీడంప్ ప్రోగ్రామ్ కార్డులను పలకరించి, ఏది ఏ ఐఆర్‌క్యూ, ఏ డీఎంఏ ఒప్పుకుంటుందో ఒక ఫైల్‌గా రాసిస్తుంది. అందులో కావలసిన పంక్తుల ముందున్న # గుర్తు తీసేయాలి. చివర్లో కార్డును పనిలోకి దింపే పంక్తి ముందు # అలాగే ఉండిపోతే, పైన ఎన్ని సరిచేసినా కార్డు పలకదు. బూట్ సమయంలో ఐసాపీఎన్‌పీ ప్రోగ్రామ్ ఆ ఫైల్ చదివి కార్డులను సిద్ధం చేసేది.

ఇక్కడే కొత్తవాళ్లు బోల్తాపడేవారు. ఈ ప్రోగ్రామ్ నడిచేది కెర్నల్ లేచాక. సౌండ్ డ్రైవర్‌ను కెర్నల్‌లోనే కలిపేస్తే, అది కార్డు కోసం వెతికే వేళకు కార్డు ఇంకా నిద్రలోనే ఉంటుంది. అందుకే డ్రైవర్‌ను విడి మాడ్యూల్‌గా ఉంచి, కార్డు లేచాక ఎక్కించాలి. 2001 జనవరిలో వచ్చిన లినక్స్ 2.4 ఈ పనిని కెర్నల్‌కే అప్పగించడంతో ఆ బెడద తీరింది. అప్పటికే పీసీఐ స్లాట్లు ఐసాను పక్కకు నెట్టేస్తున్నాయి.

ఐసా స్లాట్ మామూలు పీసీల నుంచి కనుమరుగైంది గానీ ఆ ఎత్తుగడ పోలేదు. ఇంజినీరింగ్ విద్యార్థులు ప్రాజెక్టుల్లో వాడే డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్లను ఒకే తీగకు ఎన్ని తగిలించినా, కంట్రోలర్ వాటి 64 బిట్ల గుర్తింపులను ఇప్పటికీ బిట్ తర్వాత బిట్ అడిగే వేరుచేస్తుంది.