పార్టు నాణ్యతకు మూలం కొనే పద్ధతిలోనే

స్క్రూలతో సహా లెక్కిస్తే ఒక కారులో దాదాపు 30,000 భాగాలుంటాయి. ఇంజన్, బాడీ లాంటివి ఎక్కువగా కారు కంపెనీయే తయారుచేసుకుంటుంది. సీట్లు, బ్రేకులు, లైట్లు, వైరింగ్, బ్యాటరీ, టైర్లు చాలావరకు బయటి సప్లయర్ల నుంచి వస్తాయి. అందుకే సప్లయర్లతో కంపెనీ నడుచుకునే తీరును బట్టి కారు ధర, మన్నిక రెండూ మారతాయి.

ఈ తీరు స్థూలంగా రెండు రకాలు. మొదటిది టెండర్ పద్ధతి. డ్రాయింగ్ కంపెనీ ఇస్తుంది; తక్కువకు కోట్ చేసినవారికి కొద్దికాలానికి ఆర్డరు దక్కుతుంది. 1992లో జనరల్ మోటార్స్ కొనుగోళ్ల అధిపతి ఇగ్నాసియో లోపెజ్ దీన్ని చివరిదాకా లాగారు. కుదిరిన ఒప్పందాలను సైతం తిరగదోడి, మళ్లీ కొటేషన్లు పిలిచి, ధరలు తగ్గించమని పట్టుబట్టారు. కంపెనీకి అప్పటికప్పుడు పెద్ద మొత్తమే మిగిలింది. మరుసటి ఏడాదే ఆయన ఫోక్స్‌వ్యాగన్‌కు వెళ్లిపోయారు. సప్లయర్లలో చెదిరిన నమ్మకం మాత్రం ఏళ్ల తరబడి కుదుటపడలేదు. రేపు ఆర్డరు ఉంటుందో లేదో తెలియని సప్లయర్ కొత్త యంత్రం మీద డబ్బు పెట్టడు, కొత్త డిజైన్ బయటపెట్టడు. లాభం మరీ సన్నగిల్లితే ముడిసరుకులోనో తనిఖీలోనో కోత పడే ప్రమాదం ఉంది.

రెండోది భాగస్వామ్య పద్ధతి. దీనికి పేరుపడ్డ టయోటా, కారు ఎంతకు అమ్ముడవుతుందో ముందే అంచనా వేసి, అందులోంచి లాభం తీసి, మిగిలినదాన్ని బట్టి పార్టులకు లక్ష్య ధరలు పెడుతుంది. సప్లయర్‌ను డిజైన్ దశలోనే కలుపుకొంటుంది, తన ఇంజనీర్లను వారి ఫ్యాక్టరీకి పంపి వృథా ఎక్కడుందో వెతికిస్తుంది. ధర తగ్గించమనే ఒత్తిడి ఇక్కడా గట్టిగానే ఉంటుంది; కాకపోతే ఎలా తగ్గించాలో ఇద్దరూ కలిసి చూస్తారు. ఈ బంధం 1997 ఫిబ్రవరిలో పరీక్షకు నిలిచింది. బ్రేకుల వాల్వులను టయోటాకు దాదాపుగా తానొక్కటే అందించే ఐసిన్ కంపెనీ కరియా ప్లాంటు కాలిపోయింది. జపాన్‌లో టయోటా లైన్లు ఆగిపోయాయి. రెండు వందలకు పైగా సంస్థలు ఆ వాల్వుల తయారీకి చేయి వేశాయి. వారం తిరక్కముందే కార్లు మళ్లీ బయటికొచ్చాయి.

తెలుగు నేల మీద ఈ రెండో పద్ధతికి దగ్గరి ఉదాహరణ పెనుకొండ దగ్గరి ఎర్రమంచి. ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యంతో 2019లో అక్కడ ఉత్పత్తి మొదలుపెట్టిన కియా, మోబిస్ వంటి తన కొరియా సప్లయర్లను వెంటబెట్టుకొచ్చింది. పార్టులు పక్కనే తయారైతే రవాణా ఖర్చు, గోదాం ఖర్చు తగ్గుతాయి. లోపం కనిపించిన రోజే దిద్దుకోవచ్చు. అయితే సప్లయర్లంతా కట్టగా వచ్చినచోట స్థానిక చిన్న పరిశ్రమలకు నేరుగా ఆర్డరు దొరకడం కష్టం. ఆ సప్లయర్లకు సరుకిచ్చే రెండో వరసలోంచే అవి ఎదగాలి.

స్థానిక సంస్థ పెద్ద సప్లయర్‌గా ఎదగగలదనడానికి తిరుపతి దగ్గర కరకంబాడిలోని అమరరాజా సాక్ష్యం. గల్లా రామచంద్రనాయుడు 1985లో స్థాపించిన ఈ సంస్థ 1990ల చివర్లో అమెరికాకు చెందిన జాన్సన్ కంట్రోల్స్‌తో చేతులు కలిపింది. ఆ సాంకేతికతతో అమరాన్ బ్యాటరీలు తెచ్చి, మారుతి, హ్యుందాయ్ వంటి కంపెనీలకు సరఫరాదారు అయింది.

భాగస్వామ్యం ఉన్నంత మాత్రాన తనిఖీ అక్కర్లేదని కాదు. జపాన్ సంస్థ టకాటా హోండాకు దశాబ్దాల పాటు ఎయిర్‌బ్యాగులు అందించింది. వేడికి, తేమకు ఏళ్ల మీద పాడయ్యే అమ్మోనియం నైట్రేట్‌ను వాడటంతో అవి పేలి ప్రాణాలు తీశాయి. అనేక కంపెనీలు కోట్ల కార్లను వెనక్కి పిలిచాయి. 2017లో టకాటా దివాలా తీసింది.

కాబట్టి పార్టు అసలు ఖర్చు కొటేషన్‌లోని అంకెతో తేలదు. లైన్ ఆగితే పడే నష్టం, వారంటీ రిపేర్లు, రీకాల్ కూడా అందులో భాగమే. ఆ ఖర్చులో కొంత కొన్నవారి మీదా పడుతుంది: హైదరాబాద్‌లోని హుస్సేనీ ఆలంలో కారు నడిపి బతికే డ్రైవర్‌కు బండి షెడ్డులో ఉన్న రోజు సంపాదన లేని రోజే. దీర్ఘకాల ఒప్పందం, సాంకేతిక సాయం, వీలైనచోట ప్రతి పార్టుకూ ఇద్దరు సప్లయర్లు, రాజీలేని తనిఖీ: ఈ నాలుగూ కలిసినప్పుడే తక్కువ ధర, మంచి నాణ్యత ఒకే పార్టులో కుదురుతాయి.