లేపి నడిపించేవాళ్లే పెద్దదిక్కు

జగ్గయ్యపేట పక్కన ధనంబోడు గుట్ట మీద బౌద్ధస్తూపం ఉంది. 1882లో పురావస్తు శాస్త్రవేత్త బర్జెస్ తవ్వించిన చోటు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలంలో సిద్ధార్థుడనే శిల్పి ఇంటిల్లిపాదితో కలిసి ఆ స్తూపానికి అయిదు స్తంభాలు సమర్పించాడు. బౌద్ధుల వినయపిటకంలో రోగికి సేవ చేసేవాడి లక్షణాలు కూడా అయిదే. మందు సిద్ధం చేయడం రావాలి, పథ్యమేదో అపథ్యమేదో తెలియాలి, లాభానికి కాక ప్రేమతో చేయాలి, మలమూత్రాలు ఎత్తడానికి ఏవగించుకోకూడదు, మంచి మాటలతో రోగికి ఉత్సాహం తేవాలి. నా దృష్టిలో ఈ చివరిదే అన్నిటికన్నా కష్టం. వేళకు మాత్ర ఇవ్వడం ఎవరైనా నేర్చుకుంటారు. గోడవైపు తిరిగి పడుకున్న మనిషిని లేచి కూర్చునేలా చేయడం అందరి వల్లా కాదు.

పది రోజులు మంచం దిగకపోతే ఏమవుతుందో తెలుసా? సగటున 67 ఏళ్ల వయసున్న 12 మంది ఆరోగ్యవంతుల మీద అమెరికాలో ఈ పరీక్ష చేశారు. 2007లో వచ్చిన ఫలితాల ప్రకారం ఒక్క కాళ్లలోనే దాదాపు కిలో కండ తగ్గిపోయింది. జబ్బుపడి లేచిన మనిషి సంగతి ఇక చెప్పేదేముంది! "మీరు కదలకండి మామయ్యా, అన్నీ మంచం దగ్గరికే తెస్తాను" అనడంలో ఉన్నది ప్రేమే. అయినా డాక్టరు కదలొద్దన్నప్పుడు తప్ప ఆ మాట అనకూడదు. "కాఫీ వరండాలో పెట్టాను, మెల్లగా రండి మామయ్యా" అని పిలిచి, పక్కనే నడిచే కోడలే ఆ ఇంటి వైద్యానికి నాయకురాలు.

కుంగిన నులక మంచం మీంచి లేవడం పెద్దవాళ్లకు నరకం. కూర్చుంటే మోకాళ్లు తుంటికన్నా పైకి వస్తాయి, లేవబోతే కాళ్లలో బలం చాలదు. నులక బిగించి, కోళ్ల కింద కదలని చెక్క దిమ్మలు పెట్టాలి. పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి, మోకాళ్లు తుంటికన్నా కాస్త కిందికి ఉండాలి. అప్పుడు చాలామంది ఎవరి చెయ్యీ పట్టకుండా లేవగలుగుతారు. కాళ్లకు బలమూ తేవాలి. న్యూజిలాండ్‌లో 1990లలో మొదలైన ఒటాగో పద్ధతి అందుకోసం చేసే ఇంటిపట్టు సాధనే. నర్సో ఫిజియోథెరపిస్టో ఇంటికొచ్చి కాళ్ల బలానికీ, తూలకుండా నిలబడడానికీ వ్యాయామాలు నేర్పి వెళతారు. వారానికి మూడుసార్లు అవి చేసిన వృద్ధుల్లో పడిపోవడాలు మూడోవంతుకు పైగా తగ్గాయి.

పక్షవాతం వచ్చిన చేతికి పనిచెప్పడానికి చిక్కుడుకాయల ఈనెలు తీయించవచ్చు, పల్లీలు ఒలిపించవచ్చు. మన మెట్టలో ఇంటింటా ఉండే మిరపకాయల తొడిమలు మాత్రం వద్దు. ఆ చేత్తోనే కళ్లు తుడుచుకుంటారు.

2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు మన ఆశా కార్యకర్తలకు దక్కింది. దేశమంతటా 10 లక్షలకు పైగా ఉన్న ఈ ఆడవాళ్లను ప్రపంచం నాయకులని పిలిచింది. నందిగామ పల్లెల్లో గడప గడపకూ తిరిగే ఆశమ్మ కూడా అందులో భాగస్వామే. 30 ఏళ్లు దాటినవాళ్ల కోసం ఆమె నింపే ఫారంలో, వారానికి 150 నిమిషాలైనా శరీర శ్రమ ఉందా అనే ప్రశ్న ఉంటుంది. 60 దాటితే ఇంకొన్ని అడుగుతారు: నిలబడితే తూలుతున్నారా, స్నానానికి సాయం కావాలా, అయినవాళ్ల పేర్లు మరిచిపోతున్నారా? "నాకేం, బ్రహ్మాండంగా ఉన్నా" అని పెద్దాయన తేల్చేస్తాడు. ఇంట్లోవాళ్లు పక్కనుండి నిజం చెప్పాలి.

నందిగామలో వాతావరణశాఖ పరిశీలన కేంద్రం ఉంది. వేసవిలో అక్కడి ఎండ లెక్క తరచూ వార్తల్లో వినిపిస్తుంది. వయసు మీరేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో నడక పొద్దెక్కకముందే ముగించాలి. దాహమేసేదాకా ఆగకుండా మజ్జిగ ఇవ్వాలి. కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్లకు ఎంత ఇవ్వాలో డాక్టరునే అడగాలి.

2022 ఏప్రిల్ 4 నుంచి జగ్గయ్యపేట, నందిగామ రెండూ ఎన్టీఆర్ జిల్లాలోవి. ఒకటో తారీఖున పింఛను ఇంటికే వస్తుంది. 2024 జులై నుంచి వృద్ధులకు రూ. 4,000, పక్షవాతంతో పూర్తిగా మంచానపడ్డవాళ్లకు రూ. 15,000. నడవగలిగినవాళ్లను ఆ రోజు గుమ్మందాకా నడిపించి, వాళ్ల చేతికే డబ్బు ఇప్పించండి.

లేవలేనివాళ్లను రెండు గంటలకోసారి పక్క మార్చాలి. మడమలు, తుంటి, వెన్ను చివర ఎర్రబడ్డాయేమో రోజూ చూడాలి. పక్షవాతం వచ్చిన చేతిని పట్టి లాగి లేపకూడదు, భుజం కీలు జారవచ్చు. మీ మోకాళ్లు వంచి, వాళ్ల నడుం చుట్టూ పట్టుకుని, ముందుకు వంగమని చెప్పి లేపండి. మీ నడుమూ దక్కుతుంది.