సన్యాసి గోచీ, మా ఇంటి కంప్యూటర్

సీఎస్ఈలో చేరిన వాళ్లందరికీ ఈ అనుభవం అయ్యే ఉంటుంది. ఏదో ఫంక్షన్‌కి వెళ్తాం. భోజనాల దగ్గర ఒక బాబాయి పక్కన కూర్చుని, "కంప్యూటర్సే కదమ్మా నువ్వు చదివేది, మా ఇంట్లో సిస్టం బాగా స్లో అయిపోయింది, ఏం మార్చాలో చెప్పు" అంటారు. మన సిలబస్‌లో క్యాష్ మ్యాపింగ్ ఉంటుంది, పైప్‌లైనింగ్ ఉంటుంది. బాబాయి సిస్టంలో ఏ ర్యామ్ పడుతుందో మాత్రం ఏ యూనిట్‌లోనూ ఉండదు. "ర్యామ్ పెంచండి బాబాయ్" అనేసి చెయ్యి కడుక్కోవడానికి లేచిపోతాం.

ఈసారి ఆ ప్రశ్న మా నాన్న అడిగారు. లేచిపోవడం కుదరలేదు.

మా సిస్టం 2017లో కొన్నది. ఇంటెల్ ఐ3-7100 ప్రాసెసర్, హెచ్110 మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, వీజీఏ కేబుల్ తప్ప ఇంకేదీ పెట్టుకోని మానిటర్. నాన్న రాత్రిళ్లు ఎరువుల షాపు లెక్కలు ట్యాలీలో ఎక్కించేది దీని మీదే. తమ్ముడు ఇంటర్ సెకండియర్, ఎంసెట్ మాక్ టెస్టులు రాసేదీ దీని మీదే (ఇప్పుడు ఈఏపీసెట్ అనాలట, మా ఇంట్లో ఎవరూ అనరు). ఆన్ చేసి టీ పెట్టుకొని వచ్చినా ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. పైగా 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. ఎనిమిదేళ్ల షాపు లెక్కలున్న సిస్టం సెక్యూరిటీ అప్‌డేట్స్ లేకుండా నెట్‌లో ఉంటే బాగుండదు కదా. నాన్న ఇచ్చిన బడ్జెట్ 10,000. "అందులో అయ్యేది చూడు, అవ్వకపోతే ముందే చెప్పు" అన్నారు.

గోచీ సన్యాసి కథ మీకు తెలిసే ఉంటుంది. గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని పెంచాడు. పిల్లికి పాలు కావాలని ఆవుని తెచ్చాడు. ఆవుకి మేత కావాలని పొలం, పొలం చూడ్డానికి మనుషులు, చివరికి పెళ్లాం, పిల్లలు, సంసారం. కంప్యూటర్ అప్‌గ్రేడ్ అచ్చం ఇలాగే జరుగుతుంది. ప్రాసెసర్ మారుద్దాం అనుకుంటాం. దానికి బోర్డు మారాలి. బోర్డు మారితే ర్యామ్ మారొచ్చు, విండోస్ లైసెన్స్ పోవచ్చు, పాత ప్రింటర్ పెట్టుకునే పోర్టు ఉండకపోవచ్చు. అందుకే ఏ పార్ట్ ఫాస్ట్ అని వెతకడం కంటే, ఏ పార్ట్ ముట్టుకుంటే ఎన్ని పార్టులు కదులుతాయి అని చూసుకోవడం ముందు పని. ఎలుకలకి ఒక డబ్బా కొంటే సరిపోయే చోట ఆవుని తోలుకు రాకూడదు అన్నమాట.

ముందు ఒక మాటల గొడవ తీర్చేద్దాం. మన ఇళ్లల్లో "సీపీయూ" అంటే కింద పెట్టే ఆ మొత్తం డబ్బా. షాపువాళ్లకీ అదే అలవాటు. కానీ మనం బుక్కులో చదివే సీపీయూ అంటే ఆ డబ్బాలో ఉండే ప్రాసెసర్ చిప్. ఎవరైనా "సీపీయూ మార్చాలి" అంటే ఏది అని అడగండి. రెండింటి రేటులో చాలా తేడా ఉంటుంది.

ఇక డబ్బాలో ఏముందో చూడాలి. స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి "ఎమ్‌ఎస్ఇన్ఫో32" అని ఇంగ్లీషులో కొడితే ప్రాసెసర్ పేరు, మదర్‌బోర్డు మోడల్, బయోస్ వెర్షన్ అన్నీ ఒకే పేజీలో వస్తాయి. ఆ బోర్డు మోడల్ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. తర్వాత బోర్డు కంపెనీ సైట్‌లో ఆ మోడల్ పేజీ తెరిస్తే, ఏ ప్రాసెసర్లు పడతాయి, ఏ బయోస్ వెర్షన్ నుంచి పడతాయి అని లిస్ట్ ఉంటుంది. షాపులో ఎవరేం చెప్పినా ఆ లిస్టే ఫైనల్.

అసలు రోగం ఏంటో తెలియకుండా మందు కొనకూడదు కాబట్టి, టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ ట్యాబ్ చూస్తూ ట్యాలీ, క్రోమ్ ఓపెన్ చేశాను. ప్రాసెసర్ 20, 25 శాతం దగ్గర ఖాళీగా కూర్చుంది. ర్యామ్ దాదాపు నిండిపోయింది. డిస్క్ మాత్రం 100 శాతం, కిందకి దిగనే లేదు. మెమరీ మీద నొక్కితే రెండు స్లాట్లలో ఒకటే వాడుతున్నట్టు కూడా చూపించింది. అంటే ఇంకో స్టిక్‌కి జాగా ఉంది.

డిస్క్ ఎందుకు అలా ఇరుక్కుంటుందో చిన్న లెక్కతో తెలుస్తుంది. హార్డ్ డిస్క్ నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది, అంటే సెకనుకి 120. ఒక్క చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు. మనకి కావాల్సిన డేటా హెడ్ కిందకి రావడానికి సగటున అర చుట్టు, 4 మిల్లీసెకన్ల పైన. హెడ్ ఆ ట్రాక్ దగ్గరికి జరగడానికి ఇంకో ఎనిమిదో తొమ్మిదో. మొత్తం పన్నెండు అనుకుంటే, డిస్క్ మీద చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లని సెకనుకి 80 సార్లకి మించి అందుకోలేదు. విండోస్ ఆన్ అవ్వడమంటే అలాంటి చిన్న ఫైళ్లు వేలల్లో చదవడం. ఎస్ఎస్‌డీలో తిరిగేది ఏమీ లేదు, జరిగే హెడ్ లేదు, అందుకే మామూలుది కూడా సెకనుకి పదివేలల్లో అందుకుంటుంది. ర్యామ్ తక్కువైతే కష్టం రెట్టింపు, ఎందుకంటే ర్యామ్‌లో పట్టనిది విండోస్ తీసుకెళ్లి అదే డిస్క్ మీద పెడుతుంది. ఓఎస్ క్లాసులో పేజింగ్ అని మార్కుల కోసం రాశామే, అది మా ఇంట్లో రోజూ రాత్రి తొమ్మిదింటికి జరుగుతోంది.

తమ్ముడికి ఇదంతా నచ్చలేదు. వాడికి ప్రాసెసర్ మార్చాలని ఉంది, విండోస్ 11 కావాలని ఉంది. వాడి వాదన తీసిపారేసేది కాదు. విండోస్ 11కి ఇంటెల్‌లో 8వ జనరేషన్ నుంచే సపోర్ట్, మాది 7వది. కొన్ని ప్రత్యేకమైన మోడల్స్‌కి తప్ప 7వ జనరేషన్‌కి తలుపు మూసేశారు. టీపీఎమ్ 2.0 లేకే రాదని చాలామంది అనుకుంటారు. మా లాంటి బోర్డుల్లో బయోస్‌లోకి వెళ్లి ఇంటెల్ పీటీటీ ఆన్ చేస్తే టీపీఎమ్ వస్తుంది. అడ్డం ప్రాసెసర్ లిస్టే.

మరి 8వ జనరేషన్ ప్రాసెసర్, అంటే ఆరు కోర్ల ఐ5-8400, సెకండ్ హ్యాండ్‌లో కొని పెట్టేస్తే? మా బోర్డు సాకెట్ పేరు ఎల్‌జీఏ 1151. ఐ5-8400 సాకెట్ పేరు కూడా ఎల్‌జీఏ 1151. కాంటాక్టులు అన్నే. సైజు అదే. రెండూ పక్కపక్కన పెడితే తేడా కనిపించదు. కానీ పని చేయదు. 2017 అక్టోబర్‌లో 8వ జనరేషన్ తెచ్చినప్పుడు ఇంటెల్ కోర్లు పెంచింది, దానికి కరెంటు ఎక్కువ కావాలని అంతకుముందు ఖాళీగా ఉంచిన పిన్‌లలో కొన్నిటిని పవర్‌కి కేటాయించింది. అందుకే 8, 9 జనరేషన్లకి 300 సిరీస్ బోర్డులు కావాలి. మా హెచ్110 వంద సిరీస్‌ది, దానికి 6, 7 జనరేషన్లే. పేరు మాత్రం మార్చలేదు! ఒకే ఇంటి పేరు ఉన్నంత మాత్రాన చుట్టాలు కారు కదా, అలాగ. పిన్‌ల మీద టేప్ అంటించి, బయోస్ మార్చి నడిపించిన వాళ్లు ప్రపంచంలో ఉన్నారు. నాన్న లెక్కలున్న సిస్టం మీద నేను ఆ ప్రయోగం చెయ్యను.

మా బోర్డులో పట్టే పెద్దవాటిలో ఐ7-7700 ఒకటి. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, బాగానే ఉంటుంది. కానీ అదీ 7వ జనరేషనే. విండోస్ 11 రాదు, డిస్క్ 100 శాతం సమస్య అలాగే ఉంటుంది, డబ్బు మాత్రం పోతుంది. ఆఫీసుల నుంచి తీసేసిన సిస్టంలలోంచి వచ్చే ఇలాంటి ప్రాసెసర్లు మార్కెట్‌లో దొరుకుతాయి, కానీ ఒక సాకెట్‌లో పట్టే అన్నిటికన్నా పెద్ద ప్రాసెసర్‌కి రేటు అంత తొందరగా పడిపోదు. మా లాంటి వాళ్లందరూ దాని కోసమే వెతుకుతారు మరి.

గేమ్స్ కోసం గ్రాఫిక్స్ కార్డు సంగతి వాడే ఎత్తాడు, వాడే వదిలేశాడు. క్యాబినెట్‌తో పాటు వచ్చిన పేరులేని ఎస్ఎమ్‌పీఎస్‌లో కార్డుకి కావాల్సిన ఆరు పిన్‌ల కనెక్టర్ లేదు. స్లాట్ నుంచి 75 వాట్లు మాత్రమే వస్తాయి. యూపీఎస్ 600 వీఏ, అంటే సుమారు 360 వాట్లు, కరెంటు పోయినప్పుడు ఆ లోడ్ మోయాలి. ఇవన్నీ దాటినా కొత్త కార్డుల్లో వీజీఏ ఉండదు, మానిటర్‌కి కన్వర్టర్ కొనాలి. పిల్లి, ఆవు, పొలం.

ర్యామ్‌లో చూసుకోవాల్సింది గాడి. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 స్టిక్స్‌కి కింద గాడి ఒక్కోదానికి ఒక్కో చోట ఉంటుంది, ఒకదాని స్లాట్‌లో ఇంకోటి పట్టదు. బలవంతంగా నొక్కితే స్లాట్ విరుగుతుంది. వోల్టేజీలు కూడా వేరు, డీడీఆర్3కి 1.5, డీడీఆర్4కి 1.2, డీడీఆర్5కి 1.1. హెచ్110 బోర్డుల్లో ఎక్కువ డీడీఆర్4వే అయినా కొన్ని డీడీఆర్3 రకం కూడా వచ్చాయి, అందుకే చిప్‌సెట్ పేరు చూసి ర్యామ్ కొనకూడదు, బోర్డు మోడల్ చూసే కొనాలి. ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లోంచి తీసిన ర్యామ్ ఫ్రీగా వస్తుందని ఆశపడొద్దు, అది పొట్టిగా ఉంటుంది, డెస్క్‌టాప్‌లో పట్టదు. స్పీడ్ విషయంలో భయం అక్కర్లేదు. షాపులో 3200 స్టిక్ ఇస్తారు, మా ప్రాసెసర్ 2400 దాకానే తీసుకుంటుంది, అది తగ్గి 2400లో నడుస్తుంది. పాత స్టిక్ ఇంకా తక్కువదైతే రెండూ దాని స్పీడ్‌లో నడుస్తాయి. ఈ మధ్య ర్యామ్ రేట్లు బాగా పెరిగాయి కాబట్టి 16 జోలికి పోకుండా 8 జీబీ ఒక్కటి తీసుకుని, పాత 4 పక్కనే ఉంచేశాం. మొత్తం 12.

ఎస్ఎస్‌డీలో మూడు రకాలున్నాయనుకోండి. సన్నగా చూయింగ్ గమ్ ఆకారంలో ఉండే ఎమ్.2లో సాటా ఒకటి, ఎన్‌వీఎమ్ఈ ఒకటి, దాదాపు ఒకేలా కనిపిస్తాయి, ఒకటి పట్టే స్లాట్‌లో ఇంకోటి నడవాలని లేదు. మా బోర్డులో ఎమ్.2 స్లాటే లేదు కాబట్టి ఆ తలనొప్పి తప్పింది. అడాప్టర్ కార్డు పెట్టి ఎన్‌వీఎమ్ఈ వాడొచ్చు గానీ, దాని నుంచి బూట్ అవ్వడానికి బయోస్ ఒప్పుకోవాలి. మూడోది 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ, హార్డ్ డిస్క్‌కి వాడే కేబులే దీనికీ సరిపోతుంది. సెకనుకి 550 ఎంబీ దాకా ఇస్తుంది. ఎన్‌వీఎమ్ఈ దానికి అయిదారు రెట్లు ఇస్తుంది నిజమే, కానీ ట్యాలీ తెరవడంలో ఆ తేడా మనిషికి తెలియదు. సెకనుకి 80 నుంచి పదివేలకి వెళ్లడం మాత్రం తెలుస్తుంది.

సాటా ఎస్ఎస్‌డీ, 8 జీబీ డీడీఆర్4, రెండూ బడ్జెట్‌లో పట్టాయి. వీటిని ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. రేపు బోర్డు మార్చినా ఈ రెండూ పనికొస్తాయి. ఉదాహరణకి 12వ జనరేషన్ ఐ3-12100, హెచ్610 బోర్డు అనుకుందాం. హెచ్610 బోర్డులు డీడీఆర్4తోనూ ఉన్నాయి, డీడీఆర్5తోనూ ఉన్నాయి. డీడీఆర్4ది అని అడిగి తీసుకుంటే ఈ స్టిక్ అందులోకి వెళ్తుంది, విండోస్ 11 కూడా వస్తుంది.

అప్పటిదాకా విండోస్ 10కి ఈఎస్‌యూ అని పొడిగింపు ఉంది, 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్స్ వస్తాయి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే చేరొచ్చు. సపోర్ట్ లేని ప్రాసెసర్ మీద విండోస్ 11 ఎక్కించే దొంగదారులు ఉన్నాయి, మన హాస్టల్లో సగం మందికి తెలుసు. కానీ అలా ఎక్కించిన సిస్టంకి అప్‌డేట్స్ వస్తాయని గ్యారంటీ లేదని మైక్రోసాఫ్టే చెప్పింది. అప్‌డేట్స్ కోసమే కదా మారుతున్నది. ట్యాలీ లేకపోతే లినక్స్ మింట్ వేసేసి ఈ గొడవ మొత్తం వదిలించుకునేదాన్ని.

బిగించడం అరగంట పని. ముందు ట్యాలీ డేటా పెన్‌డ్రైవ్‌లోకి, ఇంకో కాపీ నా ల్యాప్‌టాప్‌లోకి. తర్వాత పాత డిస్క్‌ని ఎస్ఎస్‌డీలోకి క్లోన్ చేసి, బయోస్‌లో బూట్ ఆర్డర్ మార్చాను. పాత హార్డ్ డిస్క్‌ని సినిమాలకీ, బ్యాకప్‌కీ లోపలే ఉంచాం. ఎస్ఎమ్‌పీఎస్‌లో సాటా పవర్ కనెక్టర్లు రెండే ఉన్నాయి, డీవీడీ డ్రైవ్‌ది పీకి ఎస్ఎస్‌డీకి ఇచ్చాను. ఆ డ్రైవ్ వాడి ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తులేదు.

2026 అక్టోబర్ లోపు బోర్డు మార్చాలి. దానికి విడిగా లిస్ట్ రాసుకుంటున్నాం. పాత విండోస్ లైసెన్స్ బోర్డుతో ముడిపడి ఉంటే కొత్తది కొనాలి. ట్యాలీ లైసెన్స్ ముందు సరెండర్ చేసి కొత్త సిస్టంలో యాక్టివేట్ చేసుకోవాలి. అన్నిటికంటే పెద్ద పేచీ నాన్న డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌తో. అది పెట్టుకునే వెడల్పాటి ప్యారలల్ పోర్టు కొత్త బోర్డుల వెనక దాదాపు కనిపించదు. యూఎస్‌బీ కన్వర్టర్ కేబుల్‌తో కొన్ని ప్రింటర్లు నడుస్తాయి, కొన్ని నడవవు. అందుకే బోర్డు కొనే ముందే ఆ కేబుల్ ఒకటి తెచ్చి, ఇప్పుడున్న సిస్టంలోనే పెట్టి, ఒక బిల్లు ప్రింట్ తీసి చూడబోతున్నాం.