ఈ-టైప్ జాగ్వార్‌కు తగిన వెల ఎంత?

మామూలు సెకండ్‌హ్యాండ్ కారు ఏటేటా విలువ తగ్గుతూ చివరకు తుక్కు ధరకు దిగుతుంది కాబట్టి, దాని వయసు, తిరిగిన దూరం, ఆ మోడల్‌కు ఉన్న గిరాకీ తెలిస్తే ధర కట్టడం పెద్ద కష్టం కాదు. క్లాసిక్‌గా పేరుపడిన పాత స్పోర్ట్స్ కారు విషయంలో ఈ లెక్క పనిచేయదు. అటువంటి కారు ఒక వయసు దాటాక విలువ పెంచుకోవడం మొదలుపెడుతుంది. ఒకే ఏడాది ఒకే కర్మాగారంలో తయారై, ఒకే రంగులో పక్కపక్కన నిలబడిన రెండు కార్లలో ఒకటి రెండోదానికి రెట్టింపు, ఒక్కోసారి అంతకుమించి కూడా పలుకుతుంది. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవడానికి బ్రిటన్‌లో తయారైన జాగ్వార్ ఈ-టైప్‌ను మించిన ఉదాహరణ దొరకదు.

1961 మార్చిలో జెనీవా మోటార్ షోలో లోకానికి పరిచయమైన ఈ కారు రూపాన్ని, విమాన పరిశ్రమలో పనిచేసి వచ్చిన మాల్కం సేయర్ గాలి ఒరవడి లెక్కల ఆధారంగా గీశాడు. బ్రిటన్‌లో దాని తొలి ధర రెండు వేల పౌండ్లకు కాస్త పైన ఉండగా, దానితో పోల్చదగిన ఆస్టన్ మార్టిన్ దాదాపు రెట్టింపు పలికేది. 1974 దాకా సాగిన తయారీలో 72 వేలకు పైగా కార్లు వెలువడ్డాయి, వాటిలో ఎక్కువ భాగం అమెరికాకు ఎగుమతి అయ్యాయి. న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం 1996లో ఒక ఈ-టైప్‌ను తన సేకరణలో చేర్చుకుంది. అంటే ఇది గొప్ప కారే గాని అరుదైన కారు కాదు. దొరకదేమోనన్న తొందరలో అడిగినంత ఇచ్చే అవసరం కొనేవారికి లేదు.

ధరలో మొదటి తేడా రకాన్ని బట్టి వస్తుంది. 1961 నుంచి 1968 వరకు వచ్చిన వాటిని సిరీస్ 1 అని, 1971 వరకు వచ్చిన వాటిని సిరీస్ 2 అని, ఆ తర్వాత పన్నెండు సిలిండర్ల 5.3 లీటర్ల ఇంజన్‌తో వచ్చిన వాటిని సిరీస్ 3 అని వ్యవహరిస్తారు. హెడ్‌లైట్ల మీద గాజు మూతలు, సన్నని మూతి, సున్నితమైన బంపర్లు ఉన్న సిరీస్ 1కే గిరాకీ ఎక్కువ. అమెరికా భద్రతా నిబంధనల కారణంగా 1967లో ఆ గాజు మూతలు తొలగిపోయాయి, తర్వాతి కాలంలో మూతి వెడల్పైంది, వెనుక లైట్లు పెద్దవయ్యాయి. అలా మారిన కొద్దీ ధర మెట్టుమెట్టుగా దిగింది. మడిచే టాపు ఉన్న రోడ్‌స్టర్ పైస్థాయిలోనూ, గట్టి పైకప్పు ఉన్న రెండు సీట్ల కూపే దాని తర్వాతా ఉంటాయి. 1966లో వెనుక చిన్న సీట్ల కోసం పొడవు పెంచి తెచ్చిన 2+2 రకం, అందులోనూ ఆటోమేటిక్ గేరుతో వచ్చినది, అడుగున ఉంటుంది.

ఇక్కడ సేకర్తల అభిరుచికీ, నడిపేవారి సౌకర్యానికీ పొత్తు కుదరదు. అన్నిటికన్నా ఎక్కువ ధర పలికే తొలినాళ్ల కార్లలో నేల చదునుగా ఉండి పొడగరుల కాళ్లకు చోటు చాలదు, సీట్లు పలచన, మొదటి గేరుకు సింక్రోమెష్ ఉండదు. అంటే పళ్ల చక్రాల వేగాన్ని సమం చేసి గేరు సాఫీగా పడేలా చేసే ఏర్పాటు ఆ గేరుకు లేదు. 1964 చివర్లో వచ్చిన 4.2 లీటర్ల ఇంజన్ కారులో గేర్‌బాక్స్, సీట్లు మెరుగయ్యాయి, ఇంజన్ లాగే బలమూ పెరిగింది. గ్యారేజీలో దాచుకోకుండా రోడ్డు మీద నడపాలనుకునే మనిషికి 1964–67 మధ్య వచ్చిన 4.2 సిరీస్ 1 కారే ఇచ్చిన డబ్బుకు తగినది.

రకం తేలిన తర్వాత చూడవలసింది ఇనుమును. ఈ-టైప్ మధ్యభాగం మోనోకాక్ పద్ధతిలో కట్టినది. విడిగా చాసిస్ లేకుండా రేకుల పెట్టెయే బరువంతా మోస్తుంది. తలుపుల కింద పొడవునా సాగే సిల్స్ అనే బోలు దూలాలు ఆ పెట్టెకు వెన్నెముక వంటివి, నీరు చేరి లోపలి నుంచి తుప్పు పట్టేదీ అక్కడే. కారును జాకీ మీద ఎత్తినప్పుడు తలుపు చుట్టూ ఉన్న సందు పైన, కింద తేడాగా మారినా, తలుపు మూసేటప్పుడు ఒరుసుకున్నా సిల్స్ బలం పోయిందని అర్థం. మెత్తని గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతాన్ని సిల్స్ మీద, తలుపుల అడుగు అంచుల మీద, వెనుక చక్రాల వంపుల మీద నెమ్మదిగా జరిపితే, రేకు ఉన్నచోట అది పట్టుకుంటుంది, లప్పం మందంగా పూసినచోట జారిపోతుంది. షెడ్డుల్లో పనిచేసేవారు పిడికిలి మెటికతో తట్టి, ఖంగుమనే చోటును, దబ్బుమనే చోటును చెవితోనే పసిగడతారు.

ముందుభాగంలో ఇంజన్‌ను, చక్రాలను మోసేది సన్నని ఉక్కు గొట్టాలను అతికి చేసిన ఫ్రేము. దాన్ని మోనోకాక్ గోడకు బోల్టులతో బిగిస్తారు. ఈ గొట్టాలు లోలోపల తుప్పుపడితే పైకి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, కాబట్టి అతుకుల దగ్గర పగుళ్లు, ప్రమాదంలో వంగి సరిచేసిన గుర్తులు టార్చిలైటుతో వెతకాలి. ముందుకు తెరుచుకునే పొడవాటి బానెట్ అనేక రేకు ముక్కల కూర్పు. దాని చుట్టూ సందు రెండు వైపులా సమానంగా లేకపోతే, బానెట్టో దాని కింది ఫ్రేమో ఒకప్పుడు దెబ్బతిన్నదని అనుమానించాలి. వెనుక బ్రేకు డిస్కులు చక్రాల దగ్గర కాకుండా, వెనుక చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్ పక్కనే ఉండటం వల్ల, అక్కడ ఆయిల్ కారితే బ్రేకులు పాడవుతాయి, వాటిని పూర్తిగా బాగుచేయాలంటే సాధారణంగా వెనుక యాక్సిల్ కూర్పు మొత్తాన్ని కిందికి దించవలసి వస్తుంది. ఇంజన్ పని ఖరీదైనదే అయినా దాని ఖర్చును ముందే అంచనా కట్టవచ్చు. తుప్పు పని ఖర్చు మాత్రం రేకు కోసి చూసేదాకా ఎవరికీ తెలియదు.

మూడో అంశం గుర్తింపు. ఈ-టైప్ చాసిస్ నంబరును ముందు ఫ్రేము మీదే, కుడివైపు షాక్ అబ్జార్బర్ బిగించే చోట గుద్ది ఉంచారు, సిరీస్ 1, 2 కార్లలో ఇంజన్ నంబరు ఆయిల్ ఫిల్టర్ పైన బ్లాకు మీద, హెడ్డు ముందువైపున కూడా ఉంటుంది. ఈ నంబర్లు, గేర్‌బాక్స్, బాడీ నంబర్లతో సహా, కర్మాగారం రికార్డుతో సరిపోయిన కారును మ్యాచింగ్ నంబర్స్ కారు అంటారు; బ్రిటన్‌లోని జాగ్వార్ డైమ్లర్ హెరిటేజ్ ట్రస్టు ఇచ్చే ధ్రువపత్రంలో ఈ నంబర్లతో పాటు తొలి రంగు, లోపలి తోలు రంగు, తయారైన తేదీ, మొదట ఏ డీలరుకు వెళ్లిందీ ఉంటాయి. చాసిస్ నంబరు ఉన్న ఫ్రేమునే తుప్పు వల్ల మార్చవలసి వచ్చినప్పుడు పాత అంకెలు దానితోనే పోతాయి, కొత్తదాని మీద మళ్లీ గుద్దుతారు. అది మోసం కానక్కరలేదు గాని, అంకెల వరుస, లోతు, అక్షరాల తీరు పాతవాటిలా లేనప్పుడు ఫ్రేము మార్చిన బిల్లు చూపమని అడగడం కొనేవారి హక్కు.

చరిత్ర ధరను ఎంత పెంచుతుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1963–64లో రేసుల కోసం అల్యూమినియం బాడీతో చేసిన పన్నెండు లైట్‌వెయిట్ ఈ-టైప్‌లలో ఆస్ట్రేలియా రేసర్ బాబ్ జేన్‌ది ఒకటి. 2017 జనవరిలో అమెరికాలోని స్కాట్స్‌డేల్‌లో బోనమ్స్ సంస్థ వేలంలో దానికి 73 లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. ఈ స్థాయి ధర కొద్ది కార్లకే వస్తుంది. అయినా మామూలు ఈ-టైప్ విషయంలోనూ పాత బిల్లులు, ఫోటోలు, యజమానుల వరుస ఉన్న ఫైలును కారులో ఒక భాగంగానే లెక్కించాలి.

ఇక అంకెల దగ్గరికి వస్తే, ప్రకటనలో కనిపించేది అమ్మేవారి ఆశ మాత్రమే. వేలంలో సుత్తి దెబ్బతో తేలిన ధర నిజమైనదే గాని, కొన్నవారు సంస్థకు 10 నుంచి 15 శాతం దాకా అదనపు రుసుము చెల్లిస్తారు కాబట్టి, వార్తలో వచ్చిన అంకెలో ఆ రుసుము కలిసిందో లేదో చూసుకోవాలి. డీలరు ధరలో అతని లాభం, కొంత పూచీ కలిసి ఉంటాయి. 1980ల చివర్లో ఆకాశానికెగసిన క్లాసిక్ కార్ల ధరలు 1990 తర్వాత కుప్పకూలాయి, అప్పు తెచ్చి కొన్నవారు నష్టపోయారు. అందుకే ఇటీవలి ఆరునెలల్లో అదే రకం, అదే స్థితిలో ఉన్న కార్లకు నిజంగా చెల్లించిన ధరలనే పోలికకు తీసుకోవాలి.

లెక్క కోసం, పూర్తిగా బాగున్న కారు లక్ష పౌండ్లు పలుకుతోందని అనుకుందాం. చూస్తున్న కారుకు సిల్స్, ఫ్రేము పనికి 20 వేలు, ఇంజన్‌కు 10 వేలు పడతాయని మెకానిక్ రాసి ఇస్తే, బయటపడబోయే పనులకు మరో 10 వేలు పక్కన పెట్టి, 60 వేలకు మించి ఇవ్వకూడదు. పూర్తి మరమ్మతు ఖర్చు చాలా సందర్భాల్లో పెరిగిన విలువను మించిపోతుంది గనుక, ఎవరో బాగుచేయించి అమ్మే కారు కొనడమే తరచుగా చవక. అయితే పని జరుగుతున్నప్పటి ఫోటోలు లేకుండా కొత్త రంగుతో వచ్చిన కారుకు పూర్తి ధర ఇవ్వకూడదు. రంగు వెలిసి, సీటు తోలు నెరలు విచ్చినా ఇనుము గట్టిగా, నంబర్లు సరిగా ఉన్న కారే దానికన్నా మేలు. రంగు మళ్లీ వేయవచ్చు, కర్మాగారం నుంచి వచ్చిన అసలు రేకును తిరిగి తేలేరు.

మనదేశంలో 2021లో వచ్చిన కేంద్ర మోటారు వాహన నిబంధనల సవరణ ప్రకారం, యాభై ఏళ్లు దాటిన వ్యక్తిగత వాహనాన్ని 20 వేల రూపాయల రుసుముతో, నంబరులో వీఏ అక్షరాలతో వింటేజ్ వాహనంగా పదేళ్లకు నమోదు చేయించవచ్చు; కాని చాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు, రోజువారీ ప్రయాణానికి వాడకూడదు. అసలుతనం ధరను పెంచడమే కాక ఇక్కడ చట్టం అడిగే అర్హత కూడా అవుతున్నది. హైదరాబాదులో కొన్నా, అమెరికాలో స్థిరపడినవారు అక్కడ కొన్నా, అమ్మేవారితో సంబంధం లేని మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి, కారును లిఫ్ట్ మీద ఎక్కించి అడుగుభాగం చూడనివ్వనివారికి బయానా ఇవ్వకండి.