మిగతా కొల్లేరు ఏమైనది?

రేడియో ప్రసంగమునకు గాని, లఘుచిత్రమునకు గాని ఒక శాస్త్రవిషయమును సిద్ధము చేయువారికి మొదటి చిక్కు వ్రాతలో కాదు, విషయసేకరణలోనే ఎదురగును. ముదినేపల్లి విద్యార్థులకు దగ్గరిదైన కొల్లేటినే ఉదాహరణముగా తీసికొందము. సరస్సును గూర్చి పది నిమిషముల ప్రసంగము వ్రాయవలెననుకొనుడు. మొట్టమొదటనే దాని వైశాల్యము చెప్పవలసి వచ్చును.

ఒకచోట 901 చదరపు కిలోమీటర్లని యుండును, మరియొకచోట 308 అని యుండును. తొలిసారి ఇట్టి ప్రసంగము వ్రాసినప్పుడు నేను ఆరంభములో మొదటి అంకెను, పక్షుల సంగతి వచ్చినచోట రెండవదానిని వాడితిని. తరగతిలో చదివి వినిపింపగా ఒక విద్యార్థి లేచి, "మాస్టారూ, మిగతా 593 ఏమైందండీ?" అని అడిగినాడు. నాయొద్ద జవాబు లేకపోయినది.

నిజమునకు రెండంకెలును సరియైనవే. కొల్లేరు పళ్ళెము వంటిది. లోతు తక్కువ, అంచుల వాలు మరీ తక్కువ. బుడమేరు, తమ్మిలేరు మొదలగునవి తెచ్చు నీరు ఉప్పుటేరు గుండా సముద్రమునకు పోవును. వచ్చునది పోవుదానికంటె హెచ్చై మట్టము ఒక్క అడుగు లేచిన చాలు, నీరు ఎంతో దూరము ప్రాకును. కనుక ఏ మట్టమువద్దనో చెప్పనిదే వైశాల్యమునకు అర్థము లేదు. భూగోళశాస్త్రములోని సమోన్నత రేఖనే ఇచటివారు కాంటూరు అందురు. సముద్రమట్టమునకు 10 అడుగుల ఎత్తునగల కాంటూరు లోపల 901, 5 అడుగుల కాంటూరు లోపల 308. 2002లో రామ్‌సార్ ఒప్పందపు జాబితాకెక్కినది మొదటిది. 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడినది రెండవది. 2006లో ఈ అయిదవ కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లను ప్రభుత్వము కొట్టివేయించినది. గీత ఎచట పడినదనునది కొల్లేటి గ్రామములలో ఇంటి కూటికి సంబంధించిన మాట. ప్రసంగములో "అడుగులు" అనుటకు "మీటర్లు" అని పడినచో గీత మూడింతల పైకి పోవును.

అందుచేత పోస్టుకార్డు అంతటి చీటీలు కోసికొని, ఒక్కొక్కదానిపై ఒక్క విషయమే వ్రాయవలెను. అంకె ప్రక్కనే దాని కొలమానము, ఏ మట్టమువద్దది, ఏ యేటిది, ఏ పుస్తకములో ఏ పుట అనునవి ఉండవలెను. పుటసంఖ్య వ్రాయుటకు బద్ధకించువారు గ్రంథాలయమునకు రెండవసారి బస్సు ఛార్జీ పెట్టుకొందురు! సంవత్సరము మరింత ముఖ్యము. పాత పుస్తకములలో ఏలూరు కృష్ణాజిల్లాలో కనబడును. అది తప్పు కాదు, పశ్చిమగోదావరి జిల్లా ఏర్పడినది 1925లో. ముదినేపల్లియు 2022 వరకు కృష్ణాజిల్లాలోనిదే, ఆ యేడు ఏలూరు జిల్లాలో చేరినది.

పుస్తకములతో పని తీరదు. పడవ నడుపు పెద్దలను అడిగిన, "ఉప్పెన వచ్చిన యేడు" అని చెప్పుదురు. ఆ మాటను ఉన్నదున్నట్లు వ్రాసికొని, 1977 నవంబరు అని మనము లెక్కకట్టినదానిని వేరు సిరాతో చేర్చవలెను. వారు చెప్పినదేదో, మనము ఊహించినదేదో ఆరునెలల తరువాత మనకే గుర్తుండదు.

ఇక చీటీలను నేలపై పరచి వరుస కూర్చవలెను. పుస్తకము చదువువాడు పుట వెనుకకు త్రిప్పును; రేడియో వినువానికి ఆ వీలు లేదు. ఒక అంకె చెవిలో కుదురుకొనకముందే రెండవది వచ్చిన, రెండును పోవును. నేను తిరిగి వ్రాసినప్పుడు అంకెలను చాలవరకు తీసివేసి, పళ్ళెములో నీరు పోయుటతో ప్రారంభించితిని. 901, 308 మాత్రము ఉంచితిని. వాటి నడుమ ఆ విద్యార్థి ప్రశ్నను అతని మాటలలోనే చేర్చితిని.