డూపు లేని హీరోలు!

‘జో జీతా వహీ సికందర్’ (1992)లో ఆమిర్‌ఖాన్ సైకిలు పందెం గెలిస్తే హాల్లో ఈలలే ఈలలు! అదే కథతో వచ్చిన మన ‘తమ్ముడు’ (1999)లో పవన్‌కల్యాణ్ కిక్ బాక్సింగ్ రింగెక్కాడు. సైకిలు పందెం మనకు దక్కలేదు.

లొకేషన్ లేకనా? మౌలాలి కొండ లేదూ! పైన దర్గా, కింద 1824లో కన్నుమూసిన కవయిత్రి మాహ్ లఖాబాయి చందా సమాధి. తెల్లారకముందే అక్కణ్ణించి బయల్దేరితే ఈసీఐఎల్, నాగారం మీదుగా కీసరగుట్ట చేరొచ్చు. ఎగుడులో ఆయాసం, దిగుడులో చెవుల్లో గాలి హోరు. ఇక్కడ డూపు కుదరదండోయ్!

కానీ నగరం పెరిగేకొద్దీ పొలాలు పోయి కాలనీలొస్తున్నాయి. ప్రశాంతమైన పల్లెబాట దూరం జరుగుతోంది. అది మాయమయ్యేలోగా ఏ నిర్మాతైనా కెమెరాతో రాకూడదూ? అందాకా హీరోలు మీరే. చెయినుకు నూనె వేశారా మరి?